బెలూనుకి మర్యాద పోయింది

పోయిన ఏడాది ఆషాఢంలో నా గుండెకి బెలూను పెట్టి స్టెంటు వేశారు. ఆ కబురు మా అబ్బాయి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందులో అరవై మందికి పైగా ఉన్నారు. తొమ్మిది మంది దణ్ణం బొమ్మ పెట్టారు. ఒకరిద్దరు ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టారు. త్వరగా కోలుకోమని దీవెనట అది. మాట పూర్తిగా కొట్టే తీరిక లేక మొదటి అక్షరాలతో సరిపెట్టారు. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడి కొడుకు ఎర్రవీ నీలివీ బుడగల బొమ్మలు వరసగా అంటించాడు. వాడి తప్పేం లేదు, బెలూను అన్న మాట చూసి నా పుట్టినరోజనుకున్నాడు. ఈలోగా ఎవరో గృహప్రవేశం శుభలేఖ పెట్టారు. దాని కింద ముప్ఫై నమస్కారాలు. నా గుండె ఆ తెర మీద పైకి జరిగి జరిగి కనపడకుండా పోయింది.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు.

నాకు మొదటిసారి బెలూను పెట్టింది 1988లో. అప్పుడు తెనాలిలో ఫిజిక్సు లెక్చరర్ని. నలభై ఏడేళ్ల వయసు. పొద్దున్నే కాలేజీకి సైకిలు మీద వెళ్తూ కాలవ వంతెన ఎక్కుతుంటే, సరిగ్గా సగం ఎత్తులో రొమ్ము మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టుండేది. అవతలి పక్కకి దిగేసరికి తీసేసేవారు. గ్యాసనుకున్నాను. మనకి గుండె అనేది ఒకటుందని ఒప్పుకునే ముందు ఓ నాలుగు నెలలు గ్యాసు అనుకోవడం మనవాళ్ల ఆచారం. వాము నమిలాను, సోడాలు తాగాను. చివరికి గుంటూరు డాక్టరుగారు ట్రెడ్‌మిల్లు మీద నడిపించి, కాగితం మీద గీతలు చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. డాక్టరు కళ్లజోడు తీశాడంటే ఆ రోజుల్లో దానికో అర్థం ఉండేది. "మద్రాసు వెళ్లండి మాస్టారూ" అన్నారు.

సన్నబడ్డ గుండె నాళాన్ని బెలూనుతో వెడల్పు చేసే పని మన దేశంలో మొదలై అప్పటికి రెండేళ్లు. 1986లో మద్రాసులో డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కళరిక్కల్ మొదలుపెట్టారు. నాకు చేసినది వేరే డాక్టరు. ఇప్పటిలా సందుకో బోర్డు ఉండేది కాదు. ముప్పాతిక ఎకరం తాకట్టు పెట్టి రాత్రి రైలెక్కాం. నన్ను సాగనంపడానికి స్టేషనుకి ఎంత మంది వచ్చారో లెక్కపెట్టలేదు గానీ, ఆ రోజు ప్లాట్‌ఫారం టిక్కెట్లు బాగా తెగి ఉంటాయి. ప్రిన్సిపాలుగారు మర్నాడు కాలేజీకి ఒంటిపూట ఇస్తానంటే నేనే వద్దన్నాను. బతికొస్తే ఆ పీరియడ్లు మళ్లీ నేనే కదా చెప్పాలి! మా అత్తగారు నా చొక్కా జేబులో విభూతి పొట్లం పెట్టింది. నా క్లాసులో ఏ రోజూ నోట్సు రాయని నలుగురు కుర్రాళ్లు, రక్తం అవసరమవుతుందేమోనని టిక్కెట్లు కొనుక్కుని అదే రైల్లో వచ్చారు. ఇప్పుడు మా మనవడు నా కోసం తన ఫోను చార్జరు ఇవ్వడానికి ఆలోచిస్తాడు.

బెలూను పెట్టే గదికి పక్కనే ఆపరేషను థియేటరు సిద్ధంగా ఉంచారు. బెలూను వికటిస్తే అటునుంచి అటే రొమ్ము కోసి బైపాస్ చెయ్యాలి. రెంటికీ కలిపి సంతకాలు పెట్టించుకున్నారు. మా ఆవిడ కాగితం చివరిదాకా చదివి, ఇంకోసారి మొదటినుంచి చదివి, "ఏవండీ, ఇందులో మంచి జరిగితే ఏమవుతుందో ఎక్కడా రాయలేదే" అంది.

తొడ మొదట్లో సూది గుచ్చి, అక్కణ్ణుంచి గొట్టాన్ని గుండెదాకా పంపారు. నాకు మెలకువగానే ఉంది. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేటంత నిశ్శబ్దం. రంగుమందు వదిలినప్పుడల్లా ఒళ్లంతా వేణ్ణీళ్లు పోసినట్టు వెచ్చగా పాకేది. ఆ తరవాత బెలూను ఉబ్బించారు. డాక్టరుగారు "పది... ఇరవై... ముప్ఫై..." అని లెక్కపెడుతున్నారు. బెలూను ఉబ్బినంతసేపూ నాళం పూర్తిగా మూసుకుపోతుంది కదా, కాలవ వంతెన మొత్తం నా రొమ్ము మీదికి ఎక్కింది. యాభై దగ్గర ఇక చాలు అందామనుకున్నాను, నోరు పెగల్లేదు. అరవై అన్నాక గాలి తీశారు. గాలి అని అలవాటుగా అన్నాను గానీ లోపల ఉండేది గాలి కాదు. ఉప్పునీళ్లలో కలిపిన రంగుమందు. ఒకవేళ బెలూను చిరిగినా రక్తంలోకి గాలిబుడగ పోకుండా ఆ ఏర్పాటు. ఆ తరవాత కాలు వంచకుండా, తొడ మీద ఇసుక సంచి పెట్టుకుని పడి ఉండాలి. ఆ రాత్రి నా ముక్కు మీద వాలిన దోమను కూడా మా ఆవిడే తోలింది.

ఊరికి తిరిగొచ్చిన నెల్లాళ్లు మా ఇల్లు తిరనాళ్లే. వచ్చినవాళ్లందరూ బత్తాయిలూ హార్లిక్స్ సీసాలూ తెచ్చారు. పదకొండు సీసాలు. ఆ ఏడాది మా పిల్లలు పొడవు పెరిగారంటే నా గుండె చలవే. వచ్చినవాళ్లకి బోలెడు అనుమానాలు. "ఎవరూదారు మాస్టారూ?" అని ఒకాయన. "లోపలే ఉంచేశారా, తీసేశారా?" అని ఇంకొకాయన. ఎదురింటి పెద్దావిడ నేను తుమ్మితే రెండడుగులు వెనక్కి వేసేది, పేలుతుందేమోనని.

సరే, మాస్టర్ని కదా. అరుగు మీద క్లాసు పెట్టాను. సైకిలు ట్యూబు ముక్క తెచ్చి ఒక చోట దారంతో బిగించి కట్టి, గాలి కొట్టి చూపించాను. దారం కట్టినచోట నొక్కుకుపోయి ఉంది, దానికి అటూ ఇటూ బుస్సున పొంగింది. రబ్బరు గుణం అంత. ఎక్కడ అడ్డు తక్కువో అక్కడే పొంగుతుంది, అసలు పొంగాల్సిన బ్లాకు దగ్గర తల వంచుకుంటుంది. మరి ఎలా? జర్మనీలో పుట్టి స్విట్జర్లాండులో జ్యూరిక్‌లో పనిచేస్తున్న ఆండ్రియాస్ గ్రూంట్జిగ్ అనే డాక్టరుకీ ఇదే చిక్కు వచ్చింది. రాత్రిళ్లు తన ఇంట్లో వంటింటి బల్ల మీద కూర్చుని, భార్యా, సహాయకురాలూ, ఆమె భర్తా తలో చెయ్యి వేస్తుంటే, రకరకాల గొట్టాలు కోసి, అంటించి, ఉబ్బించి చూశాడు. రబ్బరు వదిలేసి పీవీసీ పట్టుకున్నాడు. అది ఒక కొలతదాకా ఉబ్బి, అక్కడ ఆగి, గట్టిగా నిలబడుతుంది. ఒత్తిడి పెంచినా పక్కలకి జారుకోదు. 1974లో కాలి నాళాల్లో వాడాడు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో, మెలకువగా ఉన్న 38 ఏళ్ల మనిషికి గుండె నాళంలో పెట్టాడు. ప్రపంచంలో అదే మొదటిది. పదేళ్ల తరవాత పరీక్ష చేస్తే ఆ నాళం తెరుచుకునే ఉంది. అది చూడటానికి గ్రూంట్జిగ్ మాత్రం లేడు. 1985లో తన విమానం తనే నడుపుకుంటూ కూలిపోయి చచ్చిపోయాడు. నలభై ఆరేళ్లు.

ఇదంతా విని మా ఆవిడ, "వంటింటి బల్ల మీదా? ఆ మహాతల్లి ఎంత ఓపికమంతురాలో! మీరు సైకిలు ట్యూబు నా గట్టు మీద పెట్టారంటే ఊరుకోను" అంది. నాకు నోబెలు బహుమతి రాకపోవడానికి గల కారణాల్లో ఇదొకటి.

ఆ అరుగు మీదే పైపు లెక్క కూడా చెప్పాను. గొట్టం వ్యాసం సగమైతే అందులో పారే నీళ్లు సగం కావు, పదహారో వంతవుతాయి. వ్యాసార్ధం నాలుగో ఘాతం. ఇంటరు కుర్రాళ్లకి ఇరవై ఏళ్లు చెప్పిన సూత్రం. నా రొమ్ములోకి వచ్చేదాకా నాకే అర్థం కాలేదు. గుండె నాళం మొదట్లోనే మూడు నాలుగు మిల్లీమీటర్లు. అందులో ఓ మిల్లీమీటరు తేడా ఏమిటో వంతెన ఎక్కేవాడికే తెలుస్తుంది. బెలూనులో పెట్టే ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి నాలుగైదు రెట్లుంటుందని చెబితే రిక్షా స్టాండు వాళ్లు కూడా ఆగి విన్నారు. ఆ రోజుల్లో గుండె జబ్బుకి అంత విలువ.

నాలుగు నెలలకి వంతెన మళ్లీ నా రొమ్మెక్కింది. ఒట్టి బెలూనుతో ఉన్న ఇబ్బందే అది. ముగ్గురిలో ఒకరికి ఆరు నెలల లోపల మళ్లీ సన్నబడేది. సాగదీసిన గోడ కొంత వెనక్కి ముడుచుకుంటుంది, గాయం మానుతూ లోపల కండ పెరుగుతుంది. మళ్లీ మద్రాసు, మళ్లీ రైలు, మళ్లీ ఇసుక సంచి. సైకిలు షాపు అతను, "పంక్చరు వేసినోడు గరుకుకాయితం సరిగ్గా రుద్దలేదు మాస్టారూ" అని తేల్చేశాడు. రెండోసారి పెట్టింది నిలబడింది.

ఇప్పుడు చూడండి. హైదరాబాదులో మా అబ్బాయి అపార్టుమెంటు పక్క పార్కులో పొద్దున్నే నాలాంటివాళ్లం పది మందిమి నడుస్తాం. అందులో ఆరుగురికి స్టెంట్లున్నాయి. వెనకటికి మగపెళ్లివారు గోత్రం అడిగినట్టు, "తమరిది ఎల్‌ఏడీనా, ఆర్‌సీఏనా?" అని నాళం పేరు అడుగుతారు. "మందు పూసినదేనా? మన దేశందా, బయటిదా?" అని ఇంకో ప్రశ్న. మూడు వేయించుకున్నాయన రెండు వేయించుకున్నాయన్ని కాస్త చులకనగా చూస్తాడు. బెలూను ఒక్కటే, స్టెంటు లేదు అని నా 1988 సంగతి చెబితే, తాలూకాఫీసు రోజుల మనిషిని చూసినట్టు చూశారు. ఎవరూదారని గానీ పేలితే ఏమవుతుందని గానీ ఒక్కరూ అడగలేదు. అన్నీ తెలిసినవాళ్లకి చెప్పేదేముంది? నా క్లాసు పోయింది.

పోయిన ఏడాది నాకు చేసిన డాక్టరమ్మకి ముప్ఫై అయిదుంటాయేమో. "చిన్న ప్రొసీజరే అంకుల్" అంది. మాస్టారూ అని గౌరవంగా పిలిపించుకున్న గుండె, అంకుల్ దగ్గరికి దిగింది. ఇప్పుడు తొడ అక్కర్లేదు, మణికట్టులోంచే పంపుతారు. ఆరు ఫ్రెంచి గొట్టం అన్నారు. ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడో వంతు, అంటే గొట్టం రెండు మిల్లీమీటర్లు. ఈ లెక్క నేను చెబితే పక్కనున్న కుర్రాడు, "అవునా అంకుల్!" అని ఆశ్చర్యపోయాడు. రోజూ వాడే సరుకు! లోపల సినిమా పాటలు పెట్టారు. మా రోజుల్లో గుళ్లో ఉన్నట్టు ఉండే గది. "మీకేం పాట కావాలి అంకుల్?" అంది ఆ పిల్ల. కోపంగా ఘంటసాల అన్నాను, దొరకదులే అని. దొరికింది. పాట రెండో చరణంలో ఉండగా స్టెంటు వేసేసింది. బెలూను ఉబ్బించి ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు దింపేశారు. నేను నొప్పికి సిద్ధపడేలోపే నొప్పి పోయింది. "మీ పాత బెలూను చోటు ఇప్పటికీ శుభ్రంగా ఉంది అంకుల్, ఇది వేరే నాళం" అని తెర మీద చూపించింది. మర్నాడు సాయంత్రం మా ఇంట్లో మా మంచం మీద ఉన్నాను. పరామర్శకి కింది ఫ్లాటువాళ్లు వచ్చారు గానీ, వాళ్లు కొరియరు పొట్లం కోసం వచ్చారని తరవాత తెలిసింది.

నా 1988 గుండె సినిమా రీలు మీద తీశారు, ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము. ఓ ముక్క అడిగి తెచ్చుకుని బిస్కెట్ల డబ్బాలో దాచాను. దాన్ని వేసి చూపించే మిషను ఇప్పుడు లేదు. ఈసారి సీడీ ఇచ్చారు. సీడీ పెట్టే చోటు మా ఇంట్లో ఏ కంప్యూటరుకీ లేదు. ఫోనుకి పంపిన వీడియోని, నిల్వ చోటు చాలడం లేదని మా మనవడు తుడిచేశాడు. మూడు బొమ్మలూ పోయినా అసలు బొమ్మ ఇంకా ఆడుతోంది, అంతవరకు అదృష్టం.

అన్యాయం మాట్లాడకూడదు. ఈ స్టెంటు అనేది రాకపోతే నాకూ మూడోసారి నాలుగోసారి రైలెక్కడమే పనయ్యేది. 1986లో ఫ్రాన్సులో తులూజ్‌లో జాక్ పుయెల్ మనిషి గుండెలో మొదటిది అమర్చాడు. జాలీ పందిరిలా ఉండే చిన్న లోహపు గొట్టం. ఇప్పటి రకాల్లో బెలూను దాన్ని విప్పి గోడకి ఆనించి వచ్చేస్తుంది, అది అక్కడే ఉండి గోడ ముడుచుకోకుండా కాస్తుంది. దాని మీద కూడా కండ పెరుగుతోందని తరవాత మందు పూశారు. ఆ మందుల్లో మొదటిది ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి తయారుచేసేది. పసిఫిక్ సముద్రం నడుమ మట్టి తెనాలి మాస్టార్లకి పనికొస్తుందని ఎవరనుకున్నారు! మన హైదరాబాదులోనే 1990ల్లో అబ్దుల్ కలాంగారూ, గుండె డాక్టరు సోమరాజుగారూ కలిసి తక్కువ ధరకి స్టెంటు తయారుచేయించారు. క్షిపణుల ఆయన గుండె గొట్టం చేశాడంటే మా స్టాఫ్ రూములో వారం రోజులు అదే మాట.

ధర సంగతీ చెప్పాలి. మందు పూసిన స్టెంటు లక్ష దాటి ఉండేది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం కళ్లెం వేసింది. మందు పూసినది పన్నులు కాక 29,600, మందు లేనిది 7,260 రూపాయలు, అంతకు మించి అమ్మకూడదని. నా బిల్లులో స్టెంటు దగ్గర ధర కళ్లెం వేసిన గుర్రంలా బుద్ధిగా ఉంది. కింద ఉన్న మిగతా పంక్తులు మాత్రం కళ్లెం లేని గుర్రాలు. సణగడం నా హక్కు కాబట్టి సణిగాను. కానీ మా ఊళ్లో పాలు పోసే అతనికి 2009లో గుండెపోటొస్తే, ఆరోగ్యశ్రీ కార్డు మీద స్టెంటు వేసి రూపాయి తీసుకోకుండా పంపించారు. 2007లో ఆ పథకం పెట్టారు. నేను ముప్పాతిక ఎకరం తాకట్టు పెట్టి సంపాదించింది అతను కార్డు చూపించి సంపాదించాడు. మర్నాటి నుంచీ పాలల్లో నీళ్లు మళ్లీ మామూలే. ఐనా నాకు కోపం రాలేదు.

కోపం ఎందుకు రాలేదంటే మా నాన్న సంగతి చెప్పాలి. 1964లో పోయాడు. యాభై రెండేళ్లు. చెమటలు పట్టి, ఎడం చెయ్యి లాగుతోందంటే పొరుగూరి నుంచి డాక్టరు వచ్చి నొప్పి తెలియకుండా ఇంజక్షను ఇచ్చాడు. "ఆరు వారాలు మంచం దిగకూడదు" అన్నాడు. అంతకుమించి ఆయన దగ్గరా ఏం లేదు. మూడోరోజు తెల్లవారుజామున దిగాల్సిన పనే లేకుండా పోయింది. అదే ఏడాది జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండు అనే ఊళ్లో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు దగ్గరికి 82 ఏళ్ల ముసలమ్మను తెచ్చారు. కాలివేళ్లు కుళ్లుతున్నాయి. కాలు తీసెయ్యాలన్నారు, ఆవిడ ససేమిరా అంది. డాటర్ ఆవిడ తొడ నాళంలోకి ముందు సన్న గొట్టం, దాని మీదుగా లావు గొట్టం దూర్చి, కోత లేకుండా దారి చేశాడు. బతికినన్నాళ్లూ ఆ కాళ్ల మీదే నడిచింది. ఈ కథంతా అక్కడ మొదలైంది. గ్రూంట్జిగ్ బెలూను దీని కొనసాగింపే. ఈ సంగతి నేను మద్రాసు నుంచి వచ్చాక చదివాను. తారీకు దగ్గర ఆగిపోయాను. ఆ దారి ఆ కాలి నుంచి గుండెదాకా రావడానికి పదమూడేళ్లు పట్టింది. మా నాన్న ఆగింది మూడు రోజులు. అందుకని పాలవాడి కార్డు చూస్తే నాకు కోపం రాదు.

మరి నా గొడవేమిటంటారా? అసలు గొడవ మా మూడో అంతస్తులో ఉంది.

అక్కడో సాఫ్టువేరు కుర్రాడున్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్లు. పోయిన సంక్రాంతికి ఆఫీసులో కుప్పకూలాడు. గంటన్నర లోపల ఆస్పత్రిలో బెలూను ఉబ్బి, స్టెంటు పడి, బతికి బయటపడ్డాడు. పోటు వచ్చిన మనిషికి అంతకు మించిన వైద్యం లేదు. ఆ గంటన్నర కోసమే డాక్టర్లు పరుగులు పెడతారు. మూడో వారానికి అపార్టుమెంటు వెనక జనరేటరు చాటున సిగరెట్టు కాలుస్తూ నాకు దొరికాడు. "ఏం బాబూ?" అన్నాను. "బ్లాకు తీసేశారు కదా అంకుల్" అన్నాడు నవ్వుతూ. రాత్రి పన్నెండింటికి వాడి ఫ్లాటుకి బిర్యానీ వస్తుంది. లిఫ్టులో వాసన నాకు తెలుసు.

బ్లాకు తీసేశారు! ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరూ ఏమీ తియ్యలేదు. అది పైపులో పేరుకున్న పాచి కాదు, చీపురు పెట్టి ఊడ్చెయ్యడానికి. గోడ లోపల పెరిగిన కొవ్వు దిమ్మ. బెలూను దాన్ని గోడకేసి అదిమి, పగలగొట్టి, దారి వెడల్పు చేసింది. దిమ్మ అక్కడే ఉంది. అలాంటివి పక్క నాళాల్లో చిన్నవి ఇంకా ఉంటాయి, దారికి అడ్డం కూడా రానివి. చాలాసార్లు పోటు తెచ్చేది ఆ చిన్నవే. ఉన్నట్టుండి పగిలి, దాని మీద రక్తం గడ్డ కట్టి మూసేస్తుంది. వాటికి స్టెంటు లేదు. వాటికున్నది మాత్రలు, నడక, సిగరెట్టు మానెయ్యడం, తిండి. 2007లో కరేజ్ అనే పరీక్ష ఫలితాలొచ్చాయి. 2,287 మంది మీద చూశారు. అప్పుడే పోటు వచ్చినవాళ్లు కాక, నడిస్తే నొప్పి వచ్చి కూర్చుంటే పోయే రకం వాళ్లకి, మంచి మందులకి తోడు బెలూను పెట్టినా, చావుల్లో గానీ పోట్లలో గానీ తేడా రాలేదు. నొప్పి తగ్గింది, అది నిజం. నొప్పి తగ్గడం చిన్న విషయమేం కాదు, వంతెన ఎక్కినవాణ్ణి నాకు తెలుసు. కానీ నొప్పి పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు.

1988లో నాకీ లెక్కలేవీ తెలియవు. కానీ మద్రాసు నుంచి వచ్చాక మళ్లీ సిగరెట్టు ముట్టలేదు. అంతకుముందు రోజుకి పెట్టె కాల్చేవాణ్ణి. ఆవకాయ జాడీ పక్కింటికి తరలిపోయింది. తెల్లారగట్ల అయిదింటికి కాలవ గట్టున నడక, వానైనా వరదైనా. ఇదంతా క్రమశిక్షణని మా వాళ్లు అనుకున్నారు. కాదు. ఆ సంతకాల కాగితం, ఆ నిశ్శబ్దం, ఆ అరవై అంకెలు, ఆ ఇసుక సంచి, ఆ రక్తం ఇవ్వడానికొచ్చిన నలుగురు కుర్రాళ్లు, ఆ పదకొండు హార్లిక్సు సీసాలు కలిసి నన్ను భయపెట్టాయి. ఊరు ఊరంతా వచ్చి నీ గుండె చెడిందిరా అని నా మొహం మీదే చెప్పి పోయింది. ఆ భయం ముప్ఫై ఆరేళ్లు పనిచేసింది. మూడో అంతస్తు కుర్రాణ్ణి ఎవరూ భయపెట్టలేదు. పాట పెట్టి, చిన్న ప్రొసీజరన్నారు. రెండో రోజు ఇంటికి పంపారు. గ్రూపులో బుడగలు పెట్టారు. వాడు మాత్రం ఏం చేస్తాడు?

కాబట్టి డాక్టర్లకి నా విన్నపం. ఒంట్లో గొట్టం ఎంత సన్నగానైనా చెయ్యండి, మణికట్టులోంచి కాకపోతే చిటికెనవేల్లోంచి పంపండి, మాకే సుఖం. కానీ ఇంటికి పంపేముందు ఒక్కసారి కళ్లజోడు తీసి పక్కన పెట్టండి. చుట్టాలకీ ఒక విన్నపం. బుడగల బొమ్మలు మానేసి, రెండు బత్తాయిలు పట్టుకుని రండి. వచ్చి, ఆ మనిషి మంచం పక్కన కాసేపు దిగులుగా కూర్చోండి. మీ దిగులు కూడా మందే. స్టెంటు మీద పూసిన మందు కొన్ని నెలలే ఉంటుంది.

ఇంతవరకు రాసి, బాగా వచ్చిందని మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడకిప్పుడు డెబ్భై ఎనిమిది. అంతా విని, "భయం మీదేనండీ, కాదన్ను. అయిదింటికి లేపింది ఎవరు, జాడీ పక్కింటికి మోసింది ఎవరు, అది మాత్రం రాయలేదు" అంది. రాస్తానన్నాను. ఇదుగో, రాశాను.

"సరే గానీ, రక్తం పల్చబడే మాత్ర వేసుకున్నారా రాత్రి?" అంది.

ఏడాది పాటు ఒక్క పూట కూడా మానకూడదని ఆ డాక్టరమ్మ మూడుసార్లు చెప్పిన మాత్ర అది. మానితే స్టెంటు లోపల గడ్డ కట్టొచ్చని, వేసుకోవాల్సిన రోజులు ఇంకా పదిహేను మిగిలాయని నాకు తెలుసు. బల్ల మీద చూశాను. మాత్రల డబ్బాలో నిన్న రాత్రి గడి మూత తియ్యలేదు. మూడో అంతస్తు కుర్రాణ్ణి తిడుతూ పన్నెండింటిదాకా రాస్తూ కూర్చున్నాను.

1988లో అయితే మర్చిపోయేవాణ్ణి కాదు.